జీపు వెనుక మోత: క్రౌన్, పినియన్ మార్చిన నా అనుభవం

వేగం 60 దాటితే మా పాత జీపు వెనుక నుంచి ఊళ వేసినట్టు మోత. పరుగులో న్యూట్రల్ చేసినా ఆగలేదు, కాబట్టి ఇంజను కాదనుకున్నాం. యాక్సిలరేటర్ వదిలితే స్వరం మారేది, దాంతో డిఫరెన్షియల్ (వెనుక ఇరుసు మధ్యలో ఉండి చక్రాలను తిప్పే గేర్ల పెట్టె) మీద అనుమానం బలపడింది. ఆయిల్ దించితే ఇనుప రజనుతో పాటు పంటి ముక్క కూడా వచ్చింది.

అందులోని పెద్ద గేరు క్రౌన్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్; రెండూ జతగానే మార్చాలి. బేరింగులు, సీలు కూడా కొత్తవే వేశాం. అసలు పని షిమ్‌లతోనే (సందు సర్దడానికి పెట్టే పలుచని రేకు బిళ్లలు). డయల్ గేజి (సన్నని కదలికను కొలిచే ముల్లు మీటరు) పెట్టి పళ్ల మధ్య సందు మాన్యువల్ ప్రకారం తెచ్చి, పళ్లకు రంగు పూసి తిప్పి, అచ్చు సరిగ్గా పంటి మధ్యలో పడేదాకా మేస్త్రీ విసుక్కోకుండా సర్దాడు. అంత ఓపికున్న మనిషి దొరకడం అదృష్టం. బ్రీదర్ (లోపలి గాలి బయటకు పోయే చిన్న దారి) మూసుకుపోతే సీలు కారుతుంది, అదీ శుభ్రం చేయించండి. జీఎల్-5 (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే రకం) గేరు ఆయిల్ పోశాం. ఇప్పుడు 80లోనూ చప్పుడు లేదు.