శాటిలైట్ లేజర్ లింక్: ముందు గురి, తర్వాతే వాట్లు

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి లేజర్ లింక్ (శాటిలైట్ నుంచి నేలకి లేజర్ వెలుగుతో డేటా పంపడం) ఎంచుకున్నవాళ్లకి ముందుగా చెప్పేదొకటే, లేజర్ పవర్ గురించి తర్వాత చూడొచ్చు, గురి లెక్క ముందు తేల్చండి.

1000 కిలోమీటర్ల ఎత్తున శాటిలైట్, దానిలో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్, 8 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టెలిస్కోపు అనుకుందాం. తరంగదైర్ఘ్యాన్ని వ్యాసంతో భాగిస్తే కిరణం సుమారు 20 మైక్రోరేడియన్లు (రేడియన్ కోణంలో పది లక్షల వంతు ఒక మైక్రోరేడియన్) విచ్చుకుంటుంది, అంటే నేల మీద పడే వెలుగు 20 మీటర్ల వెడల్పే. కింద 40 సెంటీమీటర్ల టెలిస్కోపు పెడితే అందులో 2500వ వంతు దొరుకుతుంది. 1 వాట్ పంపితే 0.4 మిల్లీవాట్లు. అద్దాల్లో, గాలిలో, గురి తేడాలో పదింట తొమ్మిది వంతులు పోయినా 0.04 మిల్లీవాట్లు మిగులుతుంది, గిగాబిట్ వేగానికి అది చాలు.

అసలు చిక్కు ఇక్కడుంది. శాటిలైట్ సెకనుకి 7 కిలోమీటర్లకి పైగా పరిగెడుతోంది, కాబట్టి కింద నుంచి బీకన్ (స్టేషన్ ఎక్కడుందో చూపే గుర్తు వెలుగు) వచ్చిన దిక్కుకే తిరిగి కొడితే కిరణం దాదాపు 50 మీటర్లు పక్కకి పడుతుంది! మీ కాలేజీ డాబా మీద టెలిస్కోపు ఉంటే వెలుగు పక్క వీధిలో ఉంటుందన్నమాట. వేగాన్ని రెట్టింపు చేసి కాంతి వేగంతో భాగించండి, వచ్చే కోణమంత ముందుకి గురి జరపాలి.

నక్షత్రాల్ని చూసి శాటిలైట్ ఎటు తిరిగి ఉందో చెప్పే స్టార్ ట్రాకర్ ఒక్కదానితో ఇంత సన్నని గురి కుదరదు. అందుకే నేల నుంచి కాస్త వెడల్పాటి బీకన్ పంపి, శాటిలైట్ కెమెరా దాన్ని పట్టుకున్నాక, వేగంగా కదిలే చిన్న అద్దానికి పని అప్పగిస్తారు. శాటిలైట్‌ని తిప్పే చక్రాల (రియాక్షన్ వీల్స్) వణుకు తగ్గాక మిగిలే కదలిక కిరణం వెడల్పులో పదో వంతు, అంటే 2 మైక్రోరేడియన్లు దాటకుండా చూసుకోండి. నాసా సైకీ నౌకలో లేజర్ టెర్మినల్‌ని వణుకు తగలకుండా నౌక నుంచి విడిగా నిలబెట్టారు, 2023 డిసెంబరులో 3 కోట్ల 10 లక్షల కిలోమీటర్ల నుంచి సెకనుకి 267 మెగాబిట్ల వేగంతో వీడియో పంపారు.

ఏప్రిల్ ఎండలో డాబా సెగకి ఎదుటి గోడ ఊగినట్టే కిరణమూ ఊగుతుంది, సిగ్నల్ మిల్లీసెకన్ల పాటు పడిపోతూ ఉంటుంది. దానికి ఎర్రర్ కరెక్షన్ (పోయిన బిట్లని తిరిగి రాబట్టే కోడ్), ఇంటర్‌లీవింగ్ (పక్కపక్క బిట్లని చెదరగొట్టి పంపడం) తప్పవు. దట్టమైన మబ్బుకి మాత్రం మందు లేదు, వానాకాలంలో కళింగపట్నం తీరంలో ఒక్క స్టేషనే నమ్ముకుంటే కష్టం. వాన తక్కువ పడే అనంతపురంలో ఇంకొకటి, వీలైతే లద్దాఖ్‌లోని హాన్లేలో మరొకటి లెక్కలో పెట్టుకోండి. ఆకాశం తెరిపిచ్చేదాకా డేటా దాచేంత మెమరీ శాటిలైట్లో ఉంచండి, కమాండ్ల కోసం ఎస్-బ్యాండ్ (2 నుంచి 4 గిగాహెర్ట్జ్) రేడియో మాత్రం తీసేయకండి.