చిన్నపిల్లల కడుపునొప్పి అపెండిసైటిసేమో ఎలా గుర్తించాలి?

పెద్దపేగుకు తోకలా ఉండే అపెండిక్స్ అనే చిన్న గొట్టం వాచే జబ్బే అపెండిసైటిస్. మన వైపు దీన్ని పెద్దవాళ్లు ‘24 గంటల కడుపునొప్పి’ అంటారు. ఆ పేరులోనే గడువుంది. ఐదేళ్లలోపు పిల్లలకు ఈ జబ్బు అరుదుగానే వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం చాలామందికి ఆస్పత్రికి చేరేసరికే అపెండిక్స్ పగిలిపోయి ఉంటుంది. ఎక్కడ నొప్పో బిడ్డ చెప్పలేదు. పైగా, పేగుల మీద దుప్పటిలా ఉండే కొవ్వు పొర ఆ వయసులో పలచగా ఉండి, చీము పాకకుండా అడ్డుకోలేదు.

1. అడిగే ముందు గమనించండి

ఎక్కడ నొప్పి అంటే మూడేళ్ల బిడ్డ బొడ్డు మీద చెయ్యి పెడుతుంది. గొంతు నొప్పి వచ్చినా అక్కడే పెడుతుంది. అందుకే మాటకంటే ఒంటిని నమ్మాలి. మా అక్క కొడుక్కి నాలుగేళ్లప్పుడు వచ్చింది. కుడి మోకాలు కడుపులోకి ముడుచుకుని కదలకుండా పడుకున్నాడు. ఎత్తుకోబోతే వద్దన్నాడు. ఆటోలో తీసుకెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. డాక్టరు ముందుగా అడిగింది కూడా ఆ కుదుపుల గురించే. మామూలు కడుపునొప్పికి పిల్లలు దొర్లుతారు, మెలికలు తిరుగుతారు. దీనికి కదలడానికే భయపడతారు. కొందరు వంగి, కుడికాలు కుంటుతూ నడుస్తారు.

2. ఏది ముందు మొదలైందో టైముతో సహా రాసుకోండి

అపెండిసైటిస్‌లో సాధారణంగా నొప్పి ముందు, వాంతులు తర్వాత. తిన్నది పడనప్పుడు చాలాసార్లు వాంతులే ముందు. ఇష్టమైనది పెట్టినా ముట్టకపోవడం, 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం కూడా రాయండి. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి జరగడం పెద్దపిల్లల్లో కనిపించినంతగా వీళ్లలో కనిపించదు. ఇంకో మెలిక: వాచిన అపెండిక్స్ పక్కనున్న పేగును రేపితే కొద్దికొద్దిగా నీళ్ల విరేచనాలవుతాయి. అజీర్తి అనుకుని పొరబడేది ఇక్కడే.

3. కప్పగంతు వేయించండి

కడుపు నొక్కి చూడొద్దు. ఆటలా ఒక్క గెంతు గెంతమనండి, లేదా దగ్గమనండి. కాలు నేలకు తగలగానే కడుపు పట్టుకుంటే, అసలు గెంతనంటే, ఆలస్యం చేయకండి.

4. ఇంట్లో ఇవి చేయకండి

ఆముదం పట్టొద్దు, ఎనిమా ఇవ్వొద్దు, కాపడం పెట్టొద్దు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయొద్దు. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి బయల్దేరేముందు ఏమీ తినిపించకండి.

5. ఆస్పత్రిలో ఏం చేస్తారు

వీలుంటే పిల్లల సర్జన్ ఉన్నచోటికే వెళ్లండి. కడుపునొప్పికి వస్తే ఛాతీ ఎందుకు చూస్తున్నారని కంగారు పడొద్దు. కుడి ఊపిరితిత్తి అడుగున నిమోనియా ఉన్నా నొప్పి కడుపులోనే తెలుస్తుంది. మగపిల్లలకు వృషణాలు కూడా చూడాలి, అవి మెలిపడినా ఇలాగే ఉంటుంది. రక్తంలో తెల్లకణాలు, ఒంట్లో వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ అనే ప్రొటీన్, మూత్రం పరీక్షిస్తారు. ఆకలి, వాంతి, జ్వరం, గెంతితే నొప్పి, తెల్లకణాలు వంటివాటికి మార్కులు వేసి పదికి లెక్కగట్టే పద్ధతి 2002 నుంచి ఉంది.

స్కాన్‌లో మొదటిది అల్ట్రాసౌండ్. నొక్కినా అణగకుండా 6 మిల్లీమీటర్లకు మించి లావుంటే అపెండిక్స్ వాచినట్టే అనుకుంటారు. రేడియేషన్ వల్ల సీటీని అవసరమైతేనే తీస్తారు. రిపోర్టులో ‘అపెండిక్స్ కనిపించలేదు’ అని ఉంటే జబ్బు లేదని కాదు. పేగుల్లో గాలి అడ్డుపడినా కనిపించదు. అప్పుడు ఇంటికి పంపిస్తుంటే, మళ్లీ ఎన్ని గంటల్లో తీసుకురావాలో అడిగి తెలుసుకోండి.

ఇంట్లో ఉండగా నొప్పి ఉన్నట్టుండి తగ్గిందంటే సంతోషించకండి. ఆ తర్వాత జ్వరం ఎక్కువై, కడుపు ఉబ్బి గట్టిపడి, బిడ్డ డీలా పడితే అపెండిక్స్ పగిలి ఉండొచ్చు. ఆకుపచ్చ వాంతి అయినా ప్రమాదమే. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.