కోపాల పాఠం - 4: ధర్మాగ్రహం, మళ్లీ

పోయిన పాఠం చివర ధర్మాగ్రహం అనే మాటతో ఒక వాక్యం రాసి పంపమన్నాను. వచ్చినవాటిలో చాలావరకు ఈ బాపతే: "మా ఓనరు అద్దె పెంచాడని నాకు ధర్మాగ్రహం వచ్చింది", "బెంజి సర్కిల్ దగ్గర ఆటో అతను రెట్టింపు అడిగేసరికి ధర్మాగ్రహంతో దిగిపోయాను". కాబట్టి ఈసారి చెప్పాల్సిన ఉక్రోషం, ఆక్రోశం అనే మాటలు రెండూ వాయిదా.

ధర్మ + ఆగ్రహం, అన్యాయాన్ని చూసి వచ్చే కోపం: ఈ సంధి, అర్థం మళ్లీ వివరించను, అవి మీకు వచ్చు. తేడా కొడుతున్నది వేరే చోట. కోపం మనకొస్తుంది, దాన్ని ధర్మాగ్రహం అని చూసినవాళ్లు అనాలి. మన కోపానికి మనమే ఆ పేరు పెట్టుకుంటే సొంత డబ్బా అవుతుంది, విన్నవాళ్లు "అబ్బో, ధర్మాగ్రహమే!" అంటారు. ఆ వెటకారపు వాడుక మాత్రం నాకు భలే ఇష్టం, హాయిగా వాడుకోండి.

గుంటూరు మిర్చి యార్డుకి రండి. ఒక రైతు టిక్కీలకి, అంటే మిర్చి బస్తాలకి, తూకంలో తరుగు ఎక్కువ తీశారు. ఆయనకి కలిగింది కోపం, కడుపుమంట. పక్కన తన కాయ అమ్ముకుని డబ్బు కూడా తీసుకున్న ఇంకో రైతు వెనక్కొచ్చి "ఆ పెద్దాయన సరుక్కి అంత తరుగేంటయ్యా?" అని నిలదీశాడనుకోండి, ఇది ధర్మాగ్రహం. అదే రైతు ఇంటికెళ్లి కూర చల్లారిపోయిందని కంచం తోసేస్తే మామూలు కోపమే, పొద్దున చేసిన మంచిపని దీనికి కలిసిరాదు. ఆఫీసుకి లేటుగా వచ్చారని కింది ఉద్యోగుల మీద అధికారి అరిచినా కోపమే. పేపరువాళ్లు దాన్ని ఆగ్రహం అని రాస్తారు, పెద్ద కుర్చీలో కూర్చుంటే కోపానికి కూడా ప్రమోషన్ వస్తుంది కదా.

నేను వాడే అడ్డదారి: నష్టం పూడ్చేస్తే కోపం పోతుందా? ఆటో అతను సగానికి ఒప్పుకోగానే మీరు మళ్లీ ఎక్కి కూర్చుంటే అది బేరం. "నాకు తగ్గించావు సరే, ఊరు తెలియనివాళ్ల దగ్గర ఇలాగే గుంజుతావా?" అని ఇంకా వాదిస్తుంటే అప్పుడు ఆలోచిద్దాం.

అలాగని బాధితుడికి ధర్మాగ్రహం ఉండకూడదని కాదు. పల్నాడులో అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు పుల్లరి కట్టమంటే కన్నెగంటి హనుమంతు ఎదురుతిరిగాడు, 1922లో పోలీసు కాల్పుల్లో ప్రాణం పోయింది. మేసినవి సొంతూరి పశువులే, కట్టాల్సింది సొంత డబ్బే. కానీ ఆయన అడిగింది తనకొక్కడికీ మినహాయింపు కాదు, అసలు ఆ పన్నే అన్యాయమన్నాడు. ఇలాంటి చోట ధర్మాగ్రహం అని నిస్సంకోచంగా రాయొచ్చు.

ఒకరు మంచి ప్రశ్న పంపారు: అయితే సత్యాగ్రహం అంటే సత్యం కోసం కోపమా? కాదు. సంస్కృతంలో ఆగ్రహం అంటే గట్టిగా పట్టుకోవడం, పట్టుదల. గాంధీ దక్షిణాఫ్రికాలో తన పోరాటానికి ఆ పేరు పెట్టింది ఈ అర్థంలోనే. తెలుగులో విడిగా ఆగ్రహం అంటే కోపమే మిగిలింది, పాత అర్థం సత్యాగ్రహంలో ఉండిపోయింది. ఇంతకంటే లోతు ఇప్పుడు అక్కర్లేదు.

క్రియల సంగతి: ధర్మాగ్రహం కలుగుతుంది, పెల్లుబుకుతుంది. "ధర్మాగ్రహం తెచ్చుకున్నాడు" అనకండి, చెవికి గుచ్చుకుంటుంది. నేనైతే మాటల్లో దాన్ని వాడనే వాడను, "చూస్తూ ఊరుకోలేకపోయాడు" అంటే సరిపోతుంది కదా.

అభ్యాసం. వారం రోజుల జిల్లా పేపర్లు ముందేసుకుని ఆగ్రహం, మండిపాటు, ఫైర్ అన్న హెడ్డింగులన్నీ ఏరండి. ఒక్కోదాని కింద ఆ కోపం ఎవరి నష్టం గురించో, ఆ నష్టం తీరితే చల్లారేదో కాదో రాయండి. తర్వాత విజయవాడ వన్ టౌన్‌లోనో బీసెంట్ రోడ్డులోనో జరిగినట్టు ఒక గొడవని పది వాక్యాల్లో రాయండి, అందులో కోపానికి సంబంధించిన మాట ఒక్కటి కూడా రాకూడదు, చదివినవాళ్లు మాత్రం అది ధర్మాగ్రహమని తేల్చేయాలి. "కళ్లెర్రజేశాడు" అని రాసి తప్పించుకుంటే లెక్కలోకి రాదు.