దసరా సెలవులకి మండువా లోగిలి అద్దెకు తీసుకునే ముందు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత మండువా ఇల్లు (మధ్యలో పైకప్పు లేకుండా ఆకాశం కనిపించే చోటు ఉండేది, ఆ చోటే మండువా) తీసుకుని దసరాకి రెండు రోజులు పిల్లలతో గడపాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ తాతల కాలంలో ఆ ఇంట్లో రోజూ పొయ్యి వెలిగేది, వాకిలి ఊడ్చేవాళ్లు. ఇప్పుడు నెలల తరబడి తాళం. అసలు ప్రమాదమంతా ఆ తాళం వల్లే. ఫొటోలు నమ్మి అడ్వాన్స్ పంపొద్దు, ఒకసారి పగటిపూట వెళ్లి చూసి రండి.

ముందుగా మండువాలో వాన నీళ్లు బయటికి పోయే తూము చూడండి. ఎలుకలు, కప్పలు అందులోంచే లోపలికి వస్తాయి, వాటి వెనకే పాములు. చుట్టూ వరి చేలున్న ఊళ్లో వానాకాలం ఇది మామూలే. తూముకి సన్న కన్నుల ఇనుప జాలీ బిగించమని ఓనర్‌ని గట్టిగా అడగండి. ఆకులు అడ్డుపడితే మీరే తీసేస్తుండాలి.

మండువాలో చాప పరుచుకుని పడుకోవాలని అందరికీ ఉంటుంది. వద్దు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకి దోపి పడుకోండి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే, దాని కాటు నొప్పి చాలాసార్లు తెలియదు. తెల్లారి ఎవరికైనా కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా గ్యాస్ అనుకుని కూర్చోకండి. తాడు బిగించడం, కోయడం, నాటుమందు ఏదీ చేయొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పాముకాటు ఇంజెక్షన్ ఉండే దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఏదో ముందే కనుక్కోండి.

పాత వైరింగు బల్బులకి, ఫ్యాన్లకి వేసింది. ఏసీ, గీజర్, ఇండక్షన్ స్టవ్ ఒకేసారి పెడితే తట్టుకోదు. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించమనండి.

బావి మీద గట్టి గ్రిల్ లేకపోతే చిన్నపిల్లలతో ఆ ఇల్లు వద్దే వద్దు. చెంబు పడిందని ఎవరినీ దింపకండి. వాడని బావి అడుగున ఊపిరాడదు, కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా పోతాడు. దూలాలకి చెదలు పట్టిన గది తాళం వేసే ఉంచమనండి.

కృష్ణ ఒడ్డున లంక ఊళ్లలో ఇల్లు తీసుకుంటే ప్రకాశం బ్యారేజీ వార్తలు చూస్తుండాలి. 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. 2024 సెప్టెంబరు మొదట్లో వరద 11 లక్షలు దాటింది. మొదటి హెచ్చరికకే సామాను సర్దుకుని వచ్చేయండి.

ఇలాంటి ఇళ్లు చాలావరకు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. అద్దె మాట్లాడేది ఒకరు, తాళంచెవి ఇంకొకరి దగ్గర. వాటాదార్లందరికీ తెలుసా అని అడగండి. తేదీలు, అడ్వాన్స్, వానొచ్చి ఆగిపోతే తిరిగిచ్చేది ఎంతో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ఊళ్లోనే ఉండే ఒక మనిషి నంబరు తప్పకుండా తీసుకోండి. ఓనర్ హైదరాబాద్‌లో ఉంటే, అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు వచ్చి చూసేది ఆ మనిషే.