పస్కా రొట్టె (మట్జా) కాల్చే ముందు జాగ్రత్తలు

మట్జా అంటే యూదులు పస్కా పండుగకు తినే పులియని రొట్టె. పిండికి నీళ్లు తగిలింది మొదలు రొట్టె కాలేదాకా గడువు 18 నిమిషాలే. అది దాటితే పులిసినట్టే లెక్క, యూదులు దాన్ని 'హమెట్జ్' అంటారు, పస్కా రోజుల్లో తినరు. కాబట్టి సగం పని ముందురోజే అయిపోవాలి.

• నీళ్లు ముందురోజు పొద్దుగూకే వేళ పట్టి, మూతపెట్టి, రాత్రంతా చల్లని చోట ఉంచాలి. వెచ్చని నీళ్లు పిండిని త్వరగా పులియబెడతాయి.

• గోధుమలు కోత నాటి నుంచి తడి తగలకుండా కాపాడినవైతే మేలు. వాటితో చేసిందే 'ష్మురా' మట్జా. మరలోంచి వేడివేడిగా వచ్చిన పిండిని ఆ రోజే కలపకూడదు.

• పిండి ఒక గదిలో, నీళ్లు మరో గదిలో. పిండి కొలిచే మనిషి నీళ్ల జోలికి పోకూడదు.

• ఉప్పు, నూనె, ఈస్ట్ దగ్గర పెట్టుకోవద్దు.

• అప్పడాల కర్రల పగుళ్లే అసలు శత్రువు. అక్కడ ఇరుక్కున్న పాత పిండి కొత్త ముద్దకు అంటుకుంటుంది. ప్రతి విడతకూ గరుకు కాగితంతో రుద్దాలి, లేదా కర్రే మార్చాలి. బల్లమీది కాగితం, చేతి తొడుగులూ అంతే.

• పొయ్యి ముందే భగభగ మండుతుండాలి. ముద్ద కలిపాక మంట కోసం ఎదురుచూస్తే ఆ విడత పోయినట్టే.

• పళ్లచక్రంతో ఒత్తుగా చిల్లులు పొడవాలి. పుల్కా పొంగితే మనకు సంబరం. ఇక్కడ పొంగినా, మడత పడినా ఆ భాగం పనికిరాదు, మడత లోపల పిండి కాలదు గనుక.