కుక్కలు, పిల్లులు ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలంటే ఎలా చూసుకోవాలి?

మాది నల్లగొండ. ఇంట్లో ఒక నాటు కుక్క, రెండు పిల్లులు. జబ్బు చేశాక పశువుల దవాఖాన చుట్టూ తిరిగేకంటే, గోడ మీద క్యాలెండర్‌లో నాలుగు తేదీలు రాసిపెట్టుకోవడమే సులువని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇంట్లోకి కొత్తగా కుక్కపిల్లనో పిల్లికూననో తెచ్చుకున్నవాళ్ళు ఇట్లా మొదలుపెట్టండి.

ముందు టీకాలు. కుక్కపిల్లకు 6-8 వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకు టీకా మొదలుపెట్టి, 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్ వేయించాలి. రేబిస్ సూది మూడు నెలలు నిండాక, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్, ఇక ఏటా ఒకటి. "నాటు కుక్కకు ఏం కాదులే" అనుకుని వదిలేయొద్దు, పార్వో వస్తే నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పిల్ల ప్రాణం పోవచ్చు. పిల్లులకూ వాటి టీకాలు వేరే ఉన్నాయి, రేబిస్ సూదైతే వాటికీ తప్పదు. తేదీ గుర్తుండదనే టెన్షన్ ఉంటే జూలై 6 పెట్టుకోండి. 1885లో ఆ రోజే లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక పిల్లాడికి రేబిస్ టీకా ఇప్పించాడు, అందుకే దాన్ని జూనోసిస్ డేగా, అంటే జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినంగా జరుపుతారు. ఆ రోజు, ఇంకా ప్రపంచ రేబిస్ దినమైన సెప్టెంబర్ 28న, చాలా ప్రభుత్వ పశువుల దవాఖానల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. ముందు రోజు వెళ్ళి అడిగి రండి.

తర్వాత నులిపురుగుల మందు. కుక్కపిల్లలకు, పిల్లికూనలకు మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, పెద్దవాటికి మూడు నెలలకోసారి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి కుక్కను ఎత్తుకుని మిషన్ ఎక్కండి, మీ బరువు తీసేయండి, అంతే.

ఇక అసలు గొడవ గోమార్లది. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, ఎక్కడినుంచి వస్తాయో గాని చెవుల్లో, వేళ్ళ సందుల్లో, మెడ పట్టీ కింద, తోక కింద పట్టుకుని కూర్చుంటాయి. ఒక ఏడాది మా కుక్క రెండు రోజులు తిండి మానేస్తే ఎండ దెబ్బేమో అనుకుని మజ్జిగ పోసి ఊరుకున్నా. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాక గాని దవాఖానకు తీసుకుపోలేదు, రక్తపరీక్షలో గోమార్ల జ్వరమని తేలింది. 28 రోజులు మాత్రలు మింగించేసరికి నా పని అయిపోయింది, తప్పు నాదే.

అప్పటినుంచి వానకాలమంతా రోజూ సాయంత్రం పది నిమిషాలు ఒళ్ళంతా వెతుకుతా. కనబడినదాన్ని కనుబొమ్మలు తీసే ప్లక్కర్‌తో చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగి స్పిరిట్ ఉన్న సీసాలో వేయాలి, వేళ్ళతో నలపొద్దు. కుక్క మీద కనబడేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్ళలో, అది పడుకునే గోనెసంచిలో ఉంటాయి. అందుకే సంచి ఎండలో వేయండి, పగుళ్ళకు సిమెంటు పూయండి. నెలనెలా వాడే మందు డాక్టర్ రాసిస్తాడు.

మన దగ్గర కొంతమంది పత్తి చేనుకు కొట్టే పురుగుమందు నీళ్ళలో కలిపి కుక్కకు పూస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు, కుక్క ఒళ్ళు నాకుతుంది, గోమార్లతో పాటు అదీ పోతుంది. అట్లాగే గోమార్లకని కుక్కకు రాసే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం, మిగిలింది కదా అని పూయకండి. పిల్లికి జ్వరమొస్తే పారాసిటమాల్ ఇవ్వడమూ అంతే.

ఎండకాలం సంగతి మీకు చెప్పేదేముంది, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మనవి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చి చల్లబడాలి, పగ్‌లాంటి చప్పిడి ముక్కు జాతులకు అదీ కష్టమే. తిప్పడం పొద్దున్నే, లేకపోతే పొద్దుపోయాక. సీసీ రోడ్డు మీద మీ అరచెయ్యి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. నీళ్ళ తొట్లు రెండు మూడు చోట్ల నీడలో పెట్టండి. ఫ్లోరైడ్ భయంతో మనం తాగని బోరు నీళ్ళు వాటికి పోయడం నాకైతే మనసొప్పదు, మనం తాగేవే పోస్తా. విపరీతంగా వగరుస్తూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బే. నీడకు తెచ్చి, కడుపు, చంకల మీద మామూలు నీళ్ళు పోసి, ఫ్యాన్ పెట్టి, వెంటనే దవాఖానకు. ఐసు నీళ్ళు వద్దు.

తిండి దగ్గర మన ప్రేమే వాటికి చేటు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకు, పిల్లులకు రక్తకణాలను విరిచేస్తాయి, మన కూరల్లో అవి లేనిదేది? చికెన్ ముక్కలు ఉప్పు, కారం, ఉల్లి లేకుండా విడిగా ఉడికించి అన్నంలో కలపండి. చాక్లెట్, కిస్‌మిస్ అసలొద్దు. దసరాకు, బోనాలకు ఉడికిన బొక్కలు వేస్తారు, అవి చీలి పేగులకు గుచ్చుకుంటాయి. పిల్లి పెరుగన్నంతో బతకదు, దానికి మాంసమో చేపో కావాలి, పాలు చాలా పిల్లులకు అరగవు.

చలికాలంలో పని తక్కువ. పడుకోవడానికి పొడి గోనెసంచి, బండి తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు, వెచ్చదనానికి పిల్లులు ఇంజన్‌లో దూరతాయి. దీపావళి రాత్రి కిటికీలు మూసి లోపల గదిలో ఉంచండి.

మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. కుక్క కడుపు ఉబ్బి, కక్కుకోవాలని చూసినా ఏమీ రాకపోతే కూడా అంతే. దగ్గరి డాక్టర్ ఫోన్ నంబర్, ఆదివారం ఎవరుంటారో, ఇప్పుడే కనుక్కుని ఫ్రిజ్ మీద అంటించండి. పెద్ద పరీక్షలు కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, పోయేటప్పుడు టీకాల పుస్తకం మర్చిపోకండి.