తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద ఉలి దిగబడకుండా ఉండాలంటే
మా సిరొంచ వైపు మంచం కోళ్లను టేకుతో తరిమెన పట్టేవారు ఒక సంగతి తప్పక గమనించాలి: ఉలిని ముందుగా ఆధారపు కమ్మీ మీద గట్టిగా ఆనించి, పదును వెనుక ఉన్న వాలును తిరుగుతున్న కర్రకు ఒరిపించి, ఆ తరువాతే పిడిని మెల్లగా పైకెత్తుతూ అంచును కోతలోకి దించాలి. పదునే నేరుగా తగిలితే ఉలి ఒక్కసారిగా కర్రలో దిగబడి చేతిని విసిరికొడుతుంది. కమ్మీకీ కర్రకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు చాలు. మోటారు వేయకముందే కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. కోత లావు నుంచి సన్నం వైపే సాగాలి. టేకులోని సిలికా పదునును త్వరగా అరగదీస్తుంది కనుక, పొడవాటి చెక్కపేళ్ల చుట్టలకు బదులు పొడి రాలడం మొదలైన వెంటనే, బలం పెంచకుండా ఆపి, ఉలిని సాన పట్టండి. నేను ఒక్కో కోడుకు రెండు మూడుసార్లు సాన పడతాను.